నేనుంటే లేస్తుంది

మా చిన్నాయనకి మైపాడు దగ్గర రెండు రొయ్యల గుంటలున్నాయి. పోయిన సెలవుల్లో ఆ గట్టు మీద నేనొక బోర్డు పెట్టాను. అది పనిచేసిన కథ ప్రాజెక్ట్ రిపోర్టులో రాసి మార్కులు వేయించుకున్నా. పనిచెయ్యని కథ రాయడానికి ఆ రిపోర్టులో చోటు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు రొయ్య సంగతి చెప్పాలి. 1990లలో టైగర్ రొయ్య వేసి మేడలు కట్టినవాళ్ళూ, తెల్లమచ్చ రోగం తగిలి గుంటలు ఎండబెట్టుకున్నవాళ్ళూ మా తీరంలో ఊరూరా ఉన్నారు. 2009లో వనామికి అనుమతి వచ్చాక మళ్ళీ గుంటల్లో నీళ్ళు నిండాయి. వనామిని ఒత్తుగా వేస్తారు. ఒత్తుగా వేస్తే ఊపిరికి కరువు. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ లీటరుకి 4 మిల్లీగ్రాముల కిందకి దిగకుండా చూసుకోవాలి. పగలు ఎండకి నీళ్ళలోని ప్లాంక్టన్ ఆక్సిజన్ వదుల్తుంది. రాత్రయితే అదీ రొయ్యతో పాటు పీల్చుకునే బాపతే. అందుకే తెల్లారుజామున ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువుంటుంది. ఆ టైములో ఏరేటర్లు ఆగితే నాలుగు నెలల కష్టం తెల్లారేసరికి తేలిపోతుంది.

నేను పెట్టింది పెద్ద విద్యేం కాదు. అరచేతంత సింగిల్ బోర్డు కంప్యూటర్, గుంటకో ఆక్సిజన్ సెన్సర్, సిమ్ వేసిన డాంగిల్. ఆక్సిజన్ పడిపోతే చిన్నాయన ఫోనూ కాపలా తాత ఫోనూ మోగుతాయి. బ్యాటరీ పెట్టలేదేంరా అని అడుగుతారు కదా? కరెంటు పోతే తాత ఎటూ లేచి జనరేటర్ వేస్తాడు, బోర్డు కూడా దానంతటది లేస్తుంది అనుకున్నా. ల్యాబ్‌లో ప్లగ్గు పీకి పెట్టి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ప్రతిసారీ లేచింది.

"ఇంక నువ్వు రాత్రంతా గట్టు చుట్టూ తిరగబళ్ళేదు తాతా, పెట్టే పిలుస్తుంది" అని చెప్పి హాస్టల్‌కి వచ్చేశా. ఆ మాటే నన్ను ఇప్పటికీ పొడుస్తూ ఉంటుంది.

ఒక రాత్రి మూడింటప్పుడు కరెంటు పోయి, తాత జనరేటర్ దాకా నడిచేలోపే వచ్చేసింది. ఒక గుంటలో ఏరేటర్లు మళ్ళీ తిరిగాయి. రెండో గుంట బ్రేకర్ పడిపోయింది. తిరిగేవాటి చప్పుడు వినిపిస్తూనే ఉంది, ఫోన్ మోగలేదు. తాత పడుకున్నాడు. నాలుగున్నరకి మనసు ఆగక టార్చి పట్టుకుని పోతే, రెండో గుంటలో రొయ్యలు గట్టు వారకి వచ్చి మూతులు పైకి పెట్టి ఉన్నాయట. బ్రేకర్ ఎత్తి, తిండి ఆపి, చాలావరకు కాపాడాడు. ఓ మూల రొయ్య అప్పటికే పోయింది.

నేను ఫోన్‌లో మొదట అన్నమాట ఇది: "నువ్వేదో కెలికుంటావు తాతా."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత "నేను దాని జోలికే పోలా అబ్బయా. ఎర్ర లైటు ఎలుగుతానే ఉండాది, పచ్చది కొట్టుకోవడంలా" అన్నాడు.

ఎర్ర లైటంటే పవర్ ఉంది. పచ్చది కొట్టుకోవట్లేదంటే లైనక్స్ లేవలేదు. శనివారం ల్యాప్‌టాప్ తీసుకుని వెళ్ళా. ఇలాంటి బోర్డు లోపల ఏం జరుగుతోందో చూడాలంటే దారి సీరియల్ కన్సోలే. స్క్రీను అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు. మూడు తీగలు: గ్రౌండుకి గ్రౌండు, బోర్డు టీఎక్స్‌ కన్వర్టర్ ఆర్ఎక్స్‌కి, బోర్డు ఆర్ఎక్స్ కన్వర్టర్ టీఎక్స్‌కి. స్పీడు 115200. మాటిమాటికీ పెట్టె విప్పక్కర్లేకుండా ఆ మూడు పిన్నుల నుంచి మీటరు పొడుగు తీగలు ముందే బయటికి లాగి పెట్టుకున్నా. అప్పట్లో నా తెలివికి నేనే మురిసిపోయా.

కన్వర్టర్ తగిలించి మెయిన్ ఆపి వేశా. ఏరేటర్లు గర్రుమని లేచాయి. కన్సోల్లో అక్షరాలు గబగబా పారాయి, లాగిన్ వచ్చింది. పదిసార్లు చేశా, పదిసార్లూ వచ్చింది. తాత గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. నేనేమీ అనలేదు గానీ, నా మొహం "చూశావా, బోర్డు తప్పేం లేదు" అనే ఉంటుంది. ల్యాప్‌టాప్ సర్దుకుని వచ్చేశా. ఆ రాత్రే కరెంటు పోయొచ్చింది. బోర్డు లేవలేదు.

మళ్ళీ వెళ్ళా. ఎస్‌డీ కార్డు మార్చా, అడాప్టర్ మార్చా. నేనుంటే లేస్తుంది, నేను పోతే పడుకుంటుంది. ఉప్పుగాలికి పిన్నులు తుప్పు పట్టాయేమోనని గీకి కూడా చూశా. అప్పుడు తాత ఒక మాటన్నాడు.

"జనరేటరేస్తే బాగానే లేస్తుండాది అబ్బయా. లైను కరెంటొస్తేనే మొండికేస్తుండాది."

నేను నవ్వేశా. మనం చదువుకున్నది తిరగబడి ఉంది కదా! జనరేటర్ కరెంటే ఎగుడుదిగుడుగా ఉంటుంది. అది ఇబ్బంది పెట్టాలి గానీ లైను కరెంటు ఎందుకు పెడుతుంది? ఆ మాట అక్కడే వదిలేశా.

తిరుగు బస్సులో, నెల్లూరు వచ్చేలోపు, ఆ మాటే మళ్ళీ మళ్ళీ తగిలింది. జనరేటర్ వేసేటప్పుడు తాత ముందు ఏరేటర్ల స్విచ్చులన్నీ దించుతాడు. జనరేటర్ నిలదొక్కుకున్నాక ఒక్కొక్కటే ఎత్తుతాడు. లైను కరెంటు వస్తే మాత్రం మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, బోర్డు లేచే క్షణంలోనే. మరి నేనున్నప్పుడు కూడా అవన్నీ ఒక్కసారే లేచాయి కదా? నేనున్నప్పుడు ఉండి, లేనప్పుడు లేనిది ఏంటి?

కన్వర్టర్.

మర్నాడు క్లాసు ఎగ్గొట్టి వెళ్ళా. ఈసారి మూడు తీగల్లో రెండే తగిలించా: గ్రౌండూ, బోర్డు టీఎక్సూ. అంటే బోర్డు చెప్పేది నాకు వినబడుతుంది, నేను చెప్పేది దానికి వెళ్ళదు. దాని ఆర్ఎక్స్ తీగ రోజూ రాత్రి ఉన్నట్టే గాల్లో వేలాడుతోంది. మెయిన్ ఆపి వేశా. యూ-బూట్ పలికింది. లైనక్స్ కన్నా ముందు లేచి దాన్ని లేపే బూట్‌లోడర్ అది. వుల్ఫ్‌గాంగ్ డెంక్ అనే జర్మన్ ఇంజనీర్ మొదలుపెట్టాడు, ఇవాళ ఇలాంటి బోర్డులు చాలావాటిలో ఉంటుంది. "హిట్ ఎనీ కీ టు స్టాప్ ఆటోబూట్: 2" అని వచ్చింది. అంటే రెండు సెకన్లలో ఏదైనా కీ నొక్కితే ఆగిపోతా అని. నా చేతులు కీబోర్డు మీద లేవు. ఉన్నా, ఆ తీగే తగిలించలేదు. ఒకటి కూడా లెక్కపెట్టకుండా ఆగిపోయింది. ప్రాంప్ట్ వచ్చి, దాని పక్కన చెత్త అక్షరాలు నాలుగు పడ్డాయి.

సీరియల్ లైను ఊరికే ఉన్నప్పుడు 3.3 వోల్టుల దగ్గర నిలబడి ఉండాలి. కిందకి పడితే "అక్షరం మొదలైంది" అని అర్థం. కన్వర్టర్ ఉంటే అదే పైకి పట్టుకుని ఉంటుంది. తీసేస్తే, నేను మురిసిపోయిన ఆ మీటరు తీగ యాంటెన్నా అయి కూర్చుంటుంది. అది కూడా మోటారు కేబుళ్ళు పోయే పైపులోంచే లాగా. మోటార్లు లేచిన ఊపుకి అందులో పుట్టిన అలజడిని యూ-బూట్ "ఎవరో కీ నొక్కారు" అనుకుంది. బోర్డు చచ్చిపోలేదు. తర్వాత ఏం చెయ్యాలో చెప్తారని రాత్రంతా ఎదురు చూసింది.

మందు రూపాయి ఖరీదు. తీగలు కోసేసి, ఆర్ఎక్స్ పిన్ను దగ్గరే 3.3 వోల్టులకి ఒక 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వేశా. యూ-బూట్‌లో బూట్‌డిలే -2 పెడితే అసలు కీ కోసం చూడదు. అయితే ఎప్పుడైనా కార్డు చెడితే లోపలికి పోయే ఆ ఒక్క తలుపూ మూసుకున్నట్టే, అందుకని పెట్టలేదు. తీగలు కోశాక ఇరవైసార్లు మెయిన్ ఆపి వేశాం. నేను కాదు, తాత వేశాడు. ల్యాప్‌టాప్ సంచిలోనే ఉంది. ఇరవైసార్లూ పచ్చ లైటు కొట్టుకుంది.

అసలు తప్పు మాత్రం రెసిస్టర్‌తో పోయేది కాదు. ఫోన్ మోగకపోతే అంతా బాగున్నట్టే అని తాతకి చెప్పింది నేను. చచ్చిన బోర్డు కూడా ఫోన్ చెయ్యదు కదా! అందుకే ఇంకో నాలుగు లైన్లు రాశా. లేవగానే ఇద్దరికీ "లేచాను" అని మెసేజ్ పంపుతుంది. కరెంటొచ్చిన రెండు నిమిషాల్లో అది రాకపోతే తాత టార్చి తీసుకుంటాడు.

"నీమీద ఊరికే అన్నా తాతా" అన్నా, బయల్దేరే ముందు.

"అన్నావులే. జనరేటర్ మాట నేను జెప్పినప్పుడే ఇనుంటే ఒక బస్సు టికెట్టు మిగిలుండేది గదబ్బయా" అన్నాడు.

ఆ మెసేజ్ లిస్టులో నా నంబరు కూడా పెట్టుకున్నా. ఇది రాస్తూ ఉండగా, రాత్రి రెండూ నలభైకి, హాస్టల్లో నా ఫోన్ వెలిగింది. "లేచాను." రెండు నిమిషాలాగి తాతకి ఫోన్ చేశా. ఎత్తలేదు. గట్టు మీద ఉన్నట్టున్నాడు.