సన్‌ప్యాక్ విమానం

పోయిన సెమిస్టర్‌లో నా ఎడమచేతి చూపుడువేలికి కట్టు చూసి చాలామంది అడిగారు. వంకాయలు తరుగుతుంటే తెగిందని చెప్పాను. అబద్ధం. విమానం ఫ్యాను కోసింది. బి.ఏ. చదివే పిల్ల విమానం చేస్తోందంటే నవ్వుతారని దాచాను. గోడపత్రికకు సొంత విషయం ఏదైనా రాయండి అని మేడమ్ అన్నారు కాబట్టి ఇప్పుడు చెప్పేస్తున్నా.

మా నాయన ఇక్కడే బళ్లారిలో ఒక ఫ్లెక్స్ షాపులో పని చేస్తాడు. అచ్చయిన బోర్డులు ఫ్రేములకు కొట్టడం, నిచ్చెన వేసుకుని స్తంభాలకు కట్టడం ఆయన పని. ఎలక్షన్ల తరువాత, జాతరల తరువాత విప్పేసిన సన్‌ప్యాక్ బోర్డులు మా ఇంటి వెనక పడుంటాయి. సన్‌ప్యాక్ అంటే మీకందరికీ తెలుసు, పేరే తెలియకపోవచ్చు. ట్యూషన్ సెంటర్ల బోర్డులు, 'సైట్లు అమ్మబడును' బోర్డులు ఉంటాయే, ఆ ప్లాస్టిక్ అట్ట. రెండు పల్చటి రేకుల మధ్య పొడుగ్గా గొట్టాలు గొట్టాలుగా ఉంటుంది. వానకు నానదు, పడితే పగలదు. మా ఇంట్లో కోళ్లగూడు పైకప్పు అదే, బియ్యం డబ్బా మూత అదే. ఒకసారి అమ్మ చపాతీలు ఆరబెట్టడానికి కూడా అదే పరిచింది, దాని మీద ఒక నాయకుడు చేతులు జోడించి నవ్వుతున్నాడు.

మా అన్న బెంగళూరులో ఇంజనీరింగ్ చదివేటప్పుడు థర్మోకోల్‌తో ఒక విమానం చేశాడు. మొదటిరోజే నాలుగు ముక్కలయింది. తరువాత ఉద్యోగం వచ్చింది, సామానంతా ఒక చెప్పుల డబ్బాలో పెట్టి సజ్జ మీద పడేశాడు. ఆ డబ్బా నాకు దొరికింది. ఆరు ఛానెళ్ల ఫ్లైస్కై రిమోట్, 1000 కె.వి. మోటారు, 30 ఆంపియర్ల స్పీడ్ కంట్రోలర్, అగ్గిపెట్టెకన్నా చిన్నవి తొమ్మిది గ్రాముల సర్వోలు నాలుగు, పాపడంలా ఉబ్బిపోయిన బ్యాటరీ ఒకటి. అన్నకు ఫోన్ చేశా.

"నీకేంటికే అవన్నీ? తెలుగు, హిస్టరీ చదివేదానివి."

"చెప్పకపోతే పాత ఇనుపోనికి ఏసేస్తా."

ఆ బెదిరింపు పని చేసింది. అప్పటిదాకా నెలకొకసారి "బాగుండావా, బాగుండా" అని ఫోన్ పెట్టేసేవాడు, ఆ తరువాత రోజూ రాత్రి గంటసేపు మాట్లాడేవాడు. మొదట అతనే నవ్వాడు. సన్‌ప్యాక్ బరువు, ఎగరదు అన్నాడు. రెండు రోజులకు తనే ఫోన్ చేసి, అమెరికాలో కొందరు ఇదే అట్టతో చేస్తారంట, దానికి 'స్పాడ్' అని పేరంట అని చెప్పాడు. సింపుల్ ప్లాస్టిక్ ఎయిర్‌ప్లేన్ డిజైన్‌కు పొట్టి పేరు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచివాళ్ల యుద్ధవిమానం పేరు కూడా స్పాడే, అది చూసి సరదాగా పెట్టుకున్నారు.

ఈ అట్టకు రెండు గుణాలున్నాయి, ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. మంచిదేమంటే, గొట్టం పైరేకును మాత్రం బ్లేడుతో పొడుగునా కోసి, కిందిరేకును వదిలేస్తే అదే మడతబందు అయిపోతుంది. షాంపూ సీసా మూత ఎన్నిసార్లు తెరిచినా తెగదు చూడండి, అదే రకం ప్లాస్టిక్, పాలీప్రొపిలిన్. రెక్క చివర కదిలే ముక్కలకు, తోకలో పైకి కిందికి ఊగే ముక్కకు వేరే బందులు కొనక్కరలేదు. చెడ్డదేమంటే, దీనికి ఏదీ అంటుకోదు. ఫెవికాల్ ఎండాక పొలుసులా లేచొచ్చింది. ఫెవిక్విక్ నా వేళ్లకు అంటుకుంది గానీ అట్టకు అంటుకోలేదు. అన్న చెప్పిన ఉపాయం, లైటర్ మంట దాని మీద చకచకా పోనివ్వాలి, కరిగేంతసేపు ఉంచకూడదు. మంట తాకని చోట నీళ్లు చల్లితే తామరాకు మీదలా బొట్లు బొట్లుగా నిలుస్తాయి, తాకిన చోట పల్చగా పరుచుకుంటాయి. పరుచుకున్నచోట జిగురు పట్టుకుంటుంది. మిగతాదంతా నాయన షాపులో బోర్డులు కట్టే ప్లాస్టిక్ ట్యాగులు.

మొదటి విమానాన్ని నాలుగు మిల్లీమీటర్ల అట్టతో చేశా, గట్టిగా ఉంటుందని. రెక్క నాలుగడుగులు పొడవు, పది అంగుళాల వెడల్పు. గొట్టాలు రెక్క పొడుగునా పోవాలి, అడ్డంగా పెడితే అప్పడంలా మడిచిపోతుంది. లోపల వడ్రంగి దగ్గర తెచ్చిన సన్నటి టేకు బద్ద. స్కాలర్‌షిప్ డబ్బులో కొత్త బ్యాటరీ. అంతా అయ్యాక కిరాణా అంగట్లో తూకం వేస్తే కిలో ఆరువందలు. అంగడాయన "కేజీ ఎంత పాపా?" అన్నాడు.

ఆ మోటారు, పది అంగుళాల ఫ్యాను కలిసి లాగేది ఎనిమిదివందల గ్రాముల చిల్లర. ఆషాఢమాసం గాలిలో నాయన చేత్తో విసిరితే అది ఎగరనూ లేదు, పడనూ లేదు. పెళ్లికి పిలవకుండా వచ్చినవాళ్లలా మెల్లగా వంగి వంగి పోయి ముళ్లకంపలో కూర్చుంది. రెండోసారి ప్రయత్నిస్తుండగానే వేలు తెగింది. రిమోట్ నేల మీద పెట్టి బ్యాటరీ తగిలిస్తున్నా. రిమోట్ పొర్లి పుల్ల పైకి జరిగింది. అంతే. నాలుగు కుట్లు. ఇప్పుడు ఫ్యానును అన్నిటికన్నా చివర బిగిస్తా, రిమోట్ మెడలోనే వేసుకుంటా.

అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. మా అమ్మ కన్నడ మనిషి. కోపమొస్తే కన్నడ కూడా మాట్లాడదు, గిన్నెలు మాట్లాడతాయి. నాలుగోరోజు, "ఇంజనీరింగ్ చదివే మొగపిల్లోడే చేసి పడేసినాడు, నీకేంటికి?" అని తెలుగులోనే అడిగింది. ఆ ప్రశ్నకు నాకిప్పటికీ సరైన జవాబు లేదు. రైట్ సోదరుల చెల్లెలు కేథరిన్ కూడా మనలాగా ఆర్ట్స్ వైపే అని తరువాత చదివా. 1898లో ఓబర్లిన్ కాలేజీలో డిగ్రీ చేసి, డేటన్‌లో లాటిన్ టీచరుగా పని చేసింది, 1909లో ఫ్రాన్స్‌లో పో అనే ఊళ్లో విల్బర్ పక్కన కూర్చుని ఎగిరింది. ఆరోజు ఇది తెలిసుంటే చెప్పేదాన్ని. చెప్పినా అమ్మ "వాళ్లమ్మ ఏమీ అనలేదా?" అని అడిగేది.

రెండో విమానం దసరా సెలవుల్లో. ఈసారి రెండు మిల్లీమీటర్ల అట్ట, రెక్కకు నడిమధ్యనే బద్ద. కిలో నూరు గ్రాములు. రెక్క ముందు అంచు నుంచి మూడు అంగుళాల దగ్గర రెండు వేళ్ల మీద నిలబెడితే ముక్కు కొంచెం కిందికి వాలాలి, అలా వచ్చేదాకా బ్యాటరీని ముందుకూ వెనక్కూ జరిపా. రెక్కను సైకిల్ ట్యూబు కోసి చేసిన రబ్బర్లతో కట్టా, పడినప్పుడు విరగకుండా ఊడొస్తుంది. ఊరి బయట, కాలువ దాటాక, సైట్లు వేసి అమ్ముడుపోని లేఅవుట్ ఒకటుంది. తెల్లారి ఆరుగంటలకు టి.వి.ఎస్. మీద నేనూ నాయనా, నా ఒళ్లో అడ్డంగా రెక్క. పాలవాళ్లందరూ పక్కకు తప్పుకున్నారు.

నాయన విసిరాడు. ఈసారి ఎగిరింది. అది ఎట్లా ఉంటుందో రాయడానికి నాకు చేతకావడం లేదు. గుండె గొంతులోకొచ్చి, చేతులు చల్లబడి, నోట్లోంచి మాట లేదు. నలభై సెకన్లు ఉంటుంది. దూరంగా పోయింది. మబ్బు తెల్లగా ఉంది, అట్టా తెల్లగానే ఉంది. తిప్పాను. తిరిగిందో లేదో తెలియలేదు. నా వైపు వస్తోందా, నా నుంచి పోతోందా? ఎదురుగా వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, అప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో పుల్లను ఆ పక్కకే తొయ్యాలి అని అన్న వందసార్లు చెప్పాడు. వస్తోందని తెలిస్తే కదా! ఎడమకు తోశా, ఇంకా వాలింది. కుడికి తోశా, బోర్లా పడింది. కాలువ కింద వరిమడిలో ముక్కు గుచ్చుకుని నిలబడింది.

ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలోనే అడిగింది, "బిత్తా?" పడిందా అని. కన్నడలో బిత్తు అంటే పడింది, విత్తనం వెయ్యి అని కూడా అర్థమే. ఆ మడిలో దాన్ని చూసినవాళ్లకు రెండో అర్థమే తోస్తుంది.

అట్టకు ఏమీ కాలేదు, కడిగి ఎండబెడితే సరిపోయింది. ఫ్యాను ఒకటి విరిగింది. నేనే విరిగిపోయా. వెనక గోడ దగ్గర పడేసి రెండు వారాలు చూడలేదు. ఒక ఆదివారం నాయన దాన్ని తీసి గోడకు ఆనించి, వీధి అవతలిదాకా నడిచిపోయి అక్కడి నుంచి చూశాడు. ఇంకొంచెం వెనక్కి పోయి చూశాడు.

"బోర్డు తెల్లగా పెడితే ఎవరు చదువుతారు పాపా?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఫ్లెక్సులు రాకముందు మా నాయన బోర్డులు రాసేవాడు. కన్నడం, తెలుగు రెండూ. లారీ నంబర్లు, హోటళ్లు, టైలరు అంగళ్లు. నేను చిన్నప్పుడు అక్షరాలు నేర్చుకున్నది పలక మీద కాదు, ఆయన సుద్దముక్కతో గీసుకునే గీతల్లో. తెలుగు తలకట్టు ఎలా లేస్తుందో, కన్నడం తలకట్టు ఎలా పడుకుంటుందో చెయ్యి పట్టుకుని చూపించాడు. తరువాత ఫ్లెక్స్ మిషన్లు వచ్చాయి. వారం రోజుల పని పది నిమిషాల్లో అచ్చవుతుంటే ఎవరు రాయిస్తారు? ఆ అచ్చయినవాటినే ఇప్పుడు స్తంభాలకు కడతాడు. కుంచెలు కిరోసిన్ డబ్బాలో గట్టిపడి పుల్లల్లా అయిపోయాయి. దాని గురించి ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు, మేమూ అడగలేదు.

ఆ రోజు రెండు కొత్త కుంచెలు, ఎనామిల్ చిన్న డబ్బాలు తెచ్చాడు. "రంగు ఎంత బరువు మోస్తుంది?" అని అడిగాడు. ముప్పై గ్రాములకు మించొద్దన్నా. ఎడమ రెక్కకు ఎరుపు, కుడి రెక్కకు పచ్చ వెయ్యి, నిజం విమానాల లైట్లు అట్లే ఉంటాయని చెప్పా. ఒప్పుకోలేదు. "దూరం పోతే రంగు చచ్చిపోతుంది, పాపా. నలుపు తెలుపు మిగుల్తుంది. ఆకారం మిగుల్తుంది."

మొదట వేసిన రంగు మరుసటిరోజు గోరు తగిలితే ఊడొచ్చింది. అంటుకోని గుణం దానికీ వర్తిస్తుంది కదా. మంట ఉపాయం ఈసారి నేను ఆయనకు నేర్పా. రెక్క పైన కొనలు ఎరుపు, మధ్య తెలుపు వదిలేశాడు. కిందివైపు ముందు నుంచి వెనక్కి నాలుగు నల్లటి వెడల్పు పట్టీలు. సుద్ద దారం లాగి కొట్టి గీత వేసుకున్నాడు. మొదటి పట్టీ అంచు కొంచెం వణికింది. రెండోది వణకలేదు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది, స్టవ్ మీద పాలు పొంగిపోయాయి.

పేరు రాయమన్నా. "పైన పేరు ఎవరు చదువుతారు?" అంటూనే బ్యాటరీ మూత మీద చిన్నగా 'గద్ద' అని రాశాడు. అమ్మ చదివి నవ్వింది. కన్నడంలో గద్దె అంటే వరిమడి. "సరిగ్గానే పెట్టినారు, పడేది అక్కడే కదా!" అంది.

కార్తీకంలో ఒక ఆదివారం, గాలి లేని పొద్దు. నాయన విసిరి నా పక్కకొచ్చి నిలబడ్డాడు. దూరంగా తిప్పాను. పట్టీలు కనిపించాయి. రెక్క వాలి పైభాగం నా వైపు తిరగ్గానే పట్టీలు పోయి కొనలు మాత్రం మిగిలాయి. నాయన పక్కన నిలబడి బోర్డు చదివినట్టు చదువుతున్నాడు, "కిందభాగం... కిందభాగం... ఇప్పుడు పైభాగం... వస్తాంది, వస్తాంది." ఆరు నిమిషాలు. బ్యాటరీ బజర్ కీచుమనగానే మోటారు ఆపి దించా. గడ్డిలో పొట్టతో జారి ఆగింది. నాయన పోయి తెచ్చాడు, తెస్తూ తెస్తూ పట్టీ మీద అంటిన మన్ను పైపంచతో తుడిచాడు.

గుమ్మంలో అమ్మ, "బిత్తా?"

"బీళలిల్లమ్మా, ఇళీతు."

పడలేదు, దిగింది. అన్నకు వీడియో పంపితే, పట్టీలు ఎవరు వేశారని అడిగాడు. చెప్పా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, సంక్రాంతికి వస్తా, నాకొకటి అట్టే ఉంచు అన్నాడు.

కాబట్టి ఒక మనవి. మీ వీధిలో పాత సన్‌ప్యాక్ బోర్డులుంటే పారెయ్యకండి, నాకివ్వండి. రెండు మిల్లీమీటర్లదయితే మేలు. మీద ఎవరి ఫొటో ఉన్నా పరవాలేదు, నాయన పట్టీలు వేసేస్తాడు.