తమ్ముని సెలవుదినము



మా తమ్ముఁడు లండను నగరమునఁ జదువుకొనుచున్నాఁడు. వానిని బంపుటకై మా పుట్టినింటివారు పొలమును గుదువపెట్టిరి. అందుచేత, ఒక యాదివారమున వాఁడు "ఈ దినమంతయు శిల్పములను, సినిమాను జూచుచు గడపితి నక్కా" యని ఫోనునఁ దెలిపినప్పుడు నాకు మిక్కిలి కోపము వచ్చినది. "పొలము కుదువపెట్టినది నీ తమాషాలకుఁ గాదు" అని కటువుగా జాబు పంపితిని. వాఁడు రెండుదినములు మాఱు పలుకలేదు. మూఁడవనాఁడు దీర్ఘమైన లేఖ వచ్చినది.

ఉదయమున వాఁడు బ్రిటిషు మ్యూజియమునకుఁ బోయెనఁట. అందు ప్రవేశమునకు రుసుము లేదు. అచ్చట నొక గదిలో మన అమరావతి స్తూపపు శిల్పములున్నవి. 1845వ సంవత్సరమున వాల్టరు ఇలియట్టు దొర త్రవ్వించి మదరాసునకుఁ జేర్చిన వానిలోఁ బెక్కు 1859లో లండనునకుఁ బంపఁబడినవి. అవి పలనాటి సున్నపురాతి పలకలు. ఒక పలకకు రెండువైపులను జెక్కడ మున్నదఁట. ఒకవైపున బోధివృక్షమును, దానిక్రింద శూన్యమైన యాసనమును. రెండవవైపునఁ గొన్ని శతాబ్దముల తరువాతివారు చెక్కిన స్తూపము. తొలిదినములలో బుద్ధుని రూపమును జెక్కక, ఆయన లేని పీఠమునకే మ్రొక్కుట వాడుక యఁట.

"అక్కా, గుంటూరుసీమ శిల్పుల చేతిపని యెదుట జనులు మౌనముగా నిలువఁబడి యుండిరి. నాకు మన బొజ్జన్నకొండ జ్ఞప్తికి వచ్చి తల వంగినది" అని వ్రాసెను.

ఆ మాట చదువఁగానే నా గుండె కలుక్కుమన్నది. బొజ్జన్నకొండ మా అనకాపల్లి చేరువ శంకరములో నున్నది. శంకరమనఁగా సంఘారామమే. అచ్చట రాతిని దొలిచిన గుహలును, ఏకశిలాస్తూపములును గలవు. పూర్వము కనుమనాఁడు జనులచ్చటి కేఁగి, యొక రాతిరూపమును రక్కసుఁడని తలఁచి రాళ్లు రువ్వెడివారు. చిన్నతనమున నేనే తమ్ముని చేతికి రాయి యిచ్చి రువ్వించితిని. ఇంట భారతభాగవతములు చదివితిని గాని, యా రూప మెవ్వరిదని యొకనాఁడైన నడుగలేదు.

సాయంకాలము వాఁడు థేమ్సునది యొడ్డున నొక చిత్రశాలలో, సత్యజిత్ రాయి 1955లో వెలువరించిన "పథేర్ పాంచాలి"ని జూచెనఁట. అందు దుర్గయను నక్కయు, అపుయను తమ్ముఁడును ఱెల్లుపొదలలోఁ బరుగెత్తి రైలును జూతురు. పిదప నక్క జ్వరముతో మరణించును. రాయిగారును 1950లో నుద్యోగరీత్యా లండనులో నుండి, సుమారు నూఱు చిత్రములు చూచి, తానును చిత్రము తీయ నిశ్చయించుకొనిరి.

"మనము పట్టాలదరి నిలిచి హౌరా పోవు రైలు పెట్టెలను లెక్కించుట తలఁపునకు వచ్చి, చీఁకటిలో నేడ్చితి నక్కా. నీవు కోపపడినను సరే" అని లేఖ ముగించెను.

కోపపడుటకు నా కిఁక నోరు లేదు. మరుసటి యాదివారము వంట పెందలకడనే ముగించి, ఉపాధ్యాయులగు మావారితోను, అమ్మాయితోను బొజ్జన్నకొండ యెక్కితిని. ఊరక చూచుటకై యొక పూఁట వెచ్చించుట నా సంసారములో నదియే మొదలు. గుహకడ బుద్ధుని జూచి మా యమ్మాయి "ఈయన యెవరమ్మా?" యని యడిగినది. నేను మెట్లపైఁ గూర్చుండి, తెలిసినంత చెప్పితిని. నేను రాళ్లు రువ్వించిన మాటయు దాఁచలేదు.

ఆ రాత్రి తమ్మునికి వ్రాసితిని: "నాయనా, చదువు మానకుము. సెలవునాఁడు మాత్రము తప్పక పోయి చూడుము. చూచినదెల్ల నాకు వ్రాయుము."