బూట్ కాని టేపు

మా నాన్న హోసూరు సిప్కాట్‌లో ఒక కంపెనీలో సర్వర్లు చూసుకుంటారు. ఇంట్లో నాన్నది తెలుగు, అమ్మది తమిళం. ఆఫీసు కష్టం ఏదైనా అమ్మకు తమిళంలో చెప్తారు, నాకు తెలుగులో. అందుకని ప్రతి గొడవా నేను రెండుసార్లు వింటాను. పోయిన వేసవిలో విన్నది ఈ టేపుల సంగతి. తెలుగు చదివే పిల్లకు ఇదంతా ఎందుకంటారేమో, చదివాక చెప్పండి.

వాళ్ళ దగ్గర ఐబీఎం వాళ్ళ యూనిక్స్ సర్వర్ ఒకటుంది. ఆ రకం యూనిక్స్ పేరు ఏఐఎక్స్. ప్రతి శనివారం రాత్రి సిస్టం మొత్తాన్నీ ఒక టేపుమీదికి ఎక్కిస్తారు. పాటల క్యాసెట్ కంటే చిన్నది, అరచేతిలో పడుతుంది. సర్వర్ డిస్కు పాడైతే ఆ టేపు పెట్టి మెషీన్ ఆన్ చేస్తే చాలు, టేపులోంచే లేవాలి. అదే బూటబుల్ అంటే. దానికి ఒక కాపీ తీసి కృష్ణగిరి గోడౌన్‌కు పంపుతారు. హోసూరులో నిప్పంటుకున్నా అక్కడ ఒకటి ఉంటుందని.

లాగ్‌లో ప్రతివారం 'సక్సెస్' అనే పడుతోంది. ఒక ఆదివారం నాన్న కృష్ణగిరి టేపు తెప్పించి, ఖాళీగా ఉన్న ఇంకో మెషీన్‌లో పెట్టి చూశారు. మెషీన్ లేచింది. కానీ టేపులోంచి కాదు! టేపు అర్థంకాక దాన్ని వదిలేసి, తన పాత డిస్కులోంచి లేచింది. సరిగ్గా చూడనివాళ్ళు అంతా బాగుందనే అనుకుంటారు.

డ్రైవ్‌ను క్లీనింగ్ టేపుతో శుభ్రం చేశారు. వేరే వారం టేపు పెట్టారు. అదీ అంతే. ఫైళ్ళ పట్టిక అడిగితే మాత్రం అన్నీ వరసగా చూపిస్తోంది. అమ్మ "ఇరుక్కుదే, అప్పుఱం ఎన్న?" అంది. ఉన్నాయిగా, ఇంకేం అని. నాకూ అదే అనుమానం.

"సామాను అంతా పెట్టెలోనే ఉండాది పాపా. తాళంచెవి కూడా లోపలే పెట్టి మూసినట్ల" అన్నారు నాన్న.

ఆ టేపులో నాలుగు భాగాలుంటాయి. మొదటిది మెషీన్‌ను లేపేది. రెండోది ఇన్‌స్టాల్ చేసే సరంజామా. మూడోది ఉత్తుత్తి విషయసూచిక, పేరుకే. నాలుగోదే అసలు ఫైళ్ళు. మొదటి మూడూ 512 బైట్ల ముక్కలుగానే ఉండాలి, లేకపోతే టేపు బూట్ కాదు. కాపీ తీసే స్క్రిప్ట్ ఎప్పుడో బయటివాళ్ళు రాసింది. అది నాలుగింటికీ 1024 అని ఒకే కొలత వాడుతోంది. హోసూరులోని అసలు టేపు పెడితే వెంటనే లేచింది. అంటే హోసూరు బాగున్నంతకాలం పనికొచ్చేది హోసూరులో ఉంది, హోసూరు పోతే కావలసింది మాత్రం పనికిరాదు.

దీనికీ ఒక దారి ఉందట. ఇన్‌స్టలేషన్ సీడీతో మెషీన్‌ను లేపి, ఆ టేపులోంచి నాలుగో భాగం ఎక్కించుకోవచ్చు. ఆ సీడీ ఎక్కడుందని అడిగాను. హోసూరులోనే, అదే సర్వర్ గదిలో!

నాకు కోపం వచ్చింది ఇంకో మాటకు. లాగ్ బాగుంటే ఆదివారం ఎందుకు వృథా చేసుకుంటావని పైవాళ్ళు ఎవరో నాన్నను అన్నారట. 1998లో పిక్సార్‌లో 'టాయ్ స్టోరీ 2' తీస్తుండగా ఒక తప్పు కమాండ్‌తో సినిమా ఫైళ్ళు చెరిగిపోయాయి. బ్యాకప్ చూస్తే అదీ సరిగ్గా లేదు. గాలిన్ సుస్మాన్ అనే ఆవిడ, పసిబిడ్డతో ఇంటినుంచి పనిచేస్తూ, ఇంట్లో ఒక కాపీ ఉంచుకున్నారు. దాన్ని దుప్పట్లో చుట్టి కార్లో ఆఫీసుకు తీసుకెళ్ళారు. చాలావరకు దాంతోనే సినిమా దక్కింది. అంత పెద్ద కంపెనీలో కూడా బ్యాకప్ నడుస్తోందనే అనుకున్నారు మరి.

ఇప్పుడు కాపీ తీయడం మానేశారు. సర్వర్ నుంచే రెండుసార్లు, రెండు టేపులమీదికి ఎక్కిస్తున్నారు. సీడీ ఒకటి కృష్ణగిరికి చేరింది. మూడు నెలలకోసారి అక్కడి టేపు తెప్పించి నిజంగానే బూట్ చేసి చూస్తారు, ఆ ఆదివారం నాన్న ఇంట్లో ఉండరు.

పాత కాపీలన్నీ పారేశారా అని అడిగాను. "ఎందుకు పారేసేది? టేపులు బాగుండాయి, మళ్ళా రాసుకోవచ్చు" అన్నారు.