పిల్లికి బొచ్చు ఊడితే అందరికీ తామర వచ్చినట్టేనా?

మన గ్రూపులో ఎప్పుడూ స్కాలర్‌షిప్పులు, నోటిఫికేషన్లే కదా. ఈసారి పిల్లి గురించి రాస్తున్నా, నవ్వకండి. హాస్టళ్లలో ఉండేవాళ్లకి పనికొస్తది.

మేముండేది మాదాపూర్‌లో ఒక లేడీస్ హాస్టల్. సగం మంది ఐటీ ఉద్యోగాల అక్కలు, మిగతా మాలాంటి డిగ్రీ వాళ్లం. మెస్ దగ్గర తిరిగే పిల్లికి నేనే పాలన్నం పెడతా. ఈమధ్య వారం తిరక్కుండానే దాని తోక మొదట్లో, వెనక తొడల మీద బొచ్చు ఊడి తోలు కనబడింది. అదే టైంకి పక్క రూంలో ఇద్దరికి చేతుల మీద గుండ్రంగా తామర. ఇంకేముంది, పిల్లే అంటించిందన్నారు. "తండా వాళ్లకి పశువులతో పడుకోవడం అలవాటే, మాకెందుకీ రోగాలు?" అని ఒకామె నా ముందే అంది. సంచిలో వేసి దుర్గం చెరువు దగ్గర వదిలేయమని వాచ్‌మన్‌కి చెప్పారు.

రెండు రోజులు ఆగమని బతిమాలి, అట్టపెట్టెలో పెట్టుకొని రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి పోయినా. మెహిదీపట్నంలో బస్సు మారాలె. నాకు మహాలక్ష్మి ఫ్రీ, పిల్లికి టికెట్ కొట్టాల్నా అని కండక్టర్ ఒకటే నవ్వు.

డాక్టరమ్మ సన్న దువ్వెనతో దువ్వింది. రాలిన నల్ల నలకల్ని తడి దూది మీద పెడితే ఎర్రగా మారినయ్. అది ఫ్లీ అనే దూకే పురుగు రెట్ట, అందులో ఉన్నది పిల్లి రక్తమే. ఆ పురుగు కాటు పడని పిల్లికి నాలుగు కాట్లు చాలు, దురదకి నాకి నాకి బొచ్చంతా తెంపుకుంటదట. తామర అనుమానం కూడా వదల్లేదు. లైటు కింద చూసింది, వెంట్రుకలు పీకి మైక్రోస్కోపులోనూ చూసింది. ఫంగస్ కనబడలేదు.

బొచ్చు ఎక్కడ ఊడిందనేదే పెద్ద గుర్తు అని చెప్పింది. తల, చెవులు, కాళ్ల మీద పొట్టు రాలే గుండ్రటి మచ్చలుంటే తామర కావచ్చు, అది నిజంగానే మనుషులకి అంటుతది. పొట్ట కింద మాత్రమే నున్నగా ఉంటే మూత్రం సంచి నొప్పి వల్లనో, బెంగ వల్లనో నాకుతుండొచ్చు. చెవుల్లో గజ్జి పురుగు, తిండి పడకపోవడం కూడా ఉంటయ్. చూడకుండా చెప్పలేం.

మరి ఆ ఇద్దరి తామర? మన దేశంలో తామర ఎక్కువగా మనిషి నుంచి మనిషికే పాకుతది. మా హాస్టల్లో తువ్వాళ్లన్నీ ఒకే తీగ మీద, తడి ఆరకముందే ఇంకొకళ్ల చేతిలో. పైగా వాళ్లు మెడికల్ షాపులో కొన్నది స్టెరాయిడ్ కలిసిన క్రీము. రెండు రోజులు దురద తగ్గినట్టుంటది, లోపల ఫంగస్ మాత్రం పెరుగుతది. ఇదంతా నేను ఫ్లోర్‌లో అందరి ముందే చెప్పిన. ఆ ఇద్దరు చర్మం డాక్టర్ దగ్గరికి పోయిండ్రు. తండా మాట అన్నామె ఏం మాట్లాడలేదు, సారీ కూడా చెప్పలేదు.

ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. కుక్కలకి వాడే పురుగుల మందుల్లో కొన్నిట్లో పెర్మెత్రిన్ ఉంటది, పిల్లికి అది ప్రాణం తీసే విషం. మన తండాల్లో మేకలకి రాసినట్టు నూనెలు కూడా పూయొద్దు. పిల్లి ఒళ్లంతా నాక్కుంటది, రాసిందంతా కడుపులోకే. బరువు చూసి డాక్టర్ ఇచ్చిన చుక్కల మందు మెడ వెనక వేసి, అది పడుకునే గోనెపట్టాలు వేడినీళ్లతో ఉతికినం. పురుగు గుడ్లు అక్కడే ఉంటయి కాబట్టి ఒక్కసారి ఉతికితే సరిపోదు.

ఇప్పుడు తొడల మీద నూగు మొలుస్తుంది. వచ్చే నెల చుక్కల మందుకి ఫ్లోర్‌లో నలుగురం చందా వేసుకున్నం.