పెన్న ఒడ్డు నుంచి చిత్రావతి ఒడ్డుకు

పెన్న, చిత్రావతి రెండూ పుట్టింది చిక్కబళ్లాపురం వైపు కొండల్లోనే. తెలుగునేల మీదికి వచ్చేసరికి దారులు వేరవుతాయి. పెన్న హిందూపురం వైపు, చిత్రావతి పుట్టపర్తి మీదుగా ధర్మవరం వైపు. మళ్లీ కలిసేది గండికోట దగ్గర. రెండేర్ల నడుమ పెనుకొండ. రెండు మూడు రోజుల తీరిక ఉన్నవాళ్లు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వెళ్లిరావచ్చు. నీళ్లు చూద్దామని మాత్రం రాకూడదు, ఏడాదిలో చాలా రోజులు ఇవి ఇసుక ఏర్లే. ఎండలు ముదరకముందే, కార్తీకం దాటాక బయల్దేరాలి.

హిందూపురంలో ఉగ్గాని, బజ్జీ తిని లేపాక్షి చేరితే పొద్దున చల్లదనం ఇంకా మిగిలే ఉంటుంది. వచ్చినవాళ్లు వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి, నంది ముందు ఫొటో దిగి వెళ్లిపోతుంటారు. లతామండపంలో కాసేపైనా కూర్చోకుండా పోవడం అన్యాయం. స్తంభం స్తంభానికీ వేరే తీగ, వేరే పువ్వు. ఆ అల్లికలే చీర అంచుల్లోకి దిగాయని ఇక్కడ చెప్పుకుంటారు. ఈ గుడి కట్టించిన విరూపణ్ణ అచ్యుతదేవరాయల కాలపు పెనుకొండ అధికారి. అందుకే తర్వాతి మజిలీ పెనుకొండ.

ఇక్కడ పూట సరిపోదు, రోజంతా కావాలి. 1565లో రక్కసి తంగడి యుద్ధం ఓడిపోయాక తిరుమలరాయలు హంపీ వదిలి రాజధానిని నిలుపుకున్నది ఈ కొండ అండనే. కింద గగనమహల్, పార్శ్వనాథ జినాలయం, బాబయ్య దర్గా అన్నీ ఒకే ఊళ్లో. దర్గాకు హిందువులూ మొక్కుకుని వస్తారు. కోట ఎక్కాలనుకుంటే తెల్లారకముందే కదలాలి. పొద్దెక్కితే బండలు కాలిపోతాయి, నీళ్లు వెంట ఉండాల్సిందే. మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి దొరికితే వదలకూడదు.



పెనుకొండ దాటి చిత్రావతి వైపు వస్తే ధర్మవరం. ఇక్కడ పట్టుచీర కొనేముందు ఒక మగ్గం ఇంటికి అడిగి వెళ్లాలి. మగ్గం పైన వేలాడే జకార్డు అట్టలకు వరసగా బెజ్జాలు. ఏ బెజ్జం ఎక్కడుందో దాన్నిబట్టే ఏ పోగు లేవాలో, అంచులో ఏ పువ్వు పూయాలో తేలుతుంది.

అదే మండలంలోని నిమ్మలకుంటలోనూ బెజ్జాలదే విద్య. ఇక్కడ తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఈ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, వెలుగు దూరేంత పలచగా ఆరబెడతారు. బొమ్మ గీసి, ఉలితో చుక్క చుక్కగా తొలిచి, రెండు వైపులా రంగులద్దుతారు. ఇప్పుడు దీపాల గొడుగులు ఎక్కువ అమ్ముడుపోతున్నాయి. కొంటే మంచిదే, ఆ ఇంటికి ఆసరా. కానీ సాయంత్రం దాకా ఆగి, ఒక్క బొమ్మనైనా తెర మీద ఆడించమని అడగాలి. పగలు చేతిలో చూసినప్పుడు సీతమ్మ మెడలో ఉన్నవి ఉత్త బెజ్జాలు. తెర వెనక దీపం వెలిగిందా, ఒక్కొక్కటీ ఒక్కో ముత్యం.