ఘాట్ దిగేటప్పుడు తెలిసే బరువు

మాది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. చుట్టూ బండల గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు. స్టీరింగ్ పట్టిన రోజు నుంచీ నేను తోలింది ఎక్కువగా కడప నల్లబండలే. సొంత బండి కొనకముందు చాలా ఏళ్లు ఒక ఓనరు దగ్గర జీతానికి పికప్ నడిపాను. పోయేటప్పుడు రాయచోటికో మదనపల్లెకో బండలు, వచ్చేటప్పుడు మదనపల్లె యార్డు నుంచి కడపకు టమాటాలు. రెండు వైపులా కిరాయి దొరికితేనే డీజిలు ఖర్చు పోను ఓనరుకు నాలుగు డబ్బులు మిగిలేవి.

బండల బరువు కంటికి ఆనదు. అంగుళం మందం బండ చదరపు అడుగుకు ఆరు కిలోల పైనే తూగుతుంది. 250 అడుగులు వేస్తే టన్నున్నర దాటిపోతుంది. అదే నిలువుగా పేర్చితే తొట్టిలో సగం కూడా నిండదు. "ఇంకా ఇంత జాగా ఉంది కదప్పా, ఇంకో వంద అడుగులు ఎయ్" అనేవాళ్లు. మా బండి ఆర్.సి.లో సరుకుతో కలిపి మొత్తం బరువు 3 టన్నుల లోపే రాసుంది. అందులో ఖాళీ బండే 1,700 కిలోలు. అంటే 1,300 కిలోలు మించి వేయకూడదు. ఆ లెక్క ఎవరూ అడిగేవాళ్లు కాదు. బండి లాగుతోందా లేదా, అంతే.

ఒక వేసవిలో టమాటా రేటు బాగా పలికింది. రేటు పలికినప్పుడు ప్రతి క్రేటూ ఈ రాత్రే పోవాలంటారు. ఒక రాత్రి మదనపల్లె యార్డులో క్యాబిన్ కంటే ఎత్తుకు కట్టారు. కాటా చీటీ చూస్తే సరుకే రెండు టన్నులు దాటింది. ఓనరుకు ఫోన్ చేశాను. "అన్నా, చానా ఎక్కువైంది, కొన్ని క్రేట్లు దించుతా" అన్నాను. "ఏం కాదులేరా. అంత బండేసుకుని ఘాట్ ఎక్కినావు, దిగేదానికేం?" అని పెట్టేశాడు.

ఘాట్ పైనున్న గువ్వలచెరువులో టీ తాగి బయలుదేరాం. అక్కడి నుంచి కడప వైపు దిగుడే. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని మాకు నేర్పింది. రెండో గేరులోనే ఉన్నాను. అయినా వెనక బరువు తోస్తుంటే ఇంజన్ అరుస్తోంది, బండి ఆగడం లేదు. ప్రతి మలుపుకూ బ్రేకు తొక్కక తప్పలేదు. కాసేపటికి లైనర్లు కాలిన వాసన. "మామా, వెనక చక్రం కాడ పొగొస్తాంది" అన్నాడు క్లీనర్ పిల్లోడు. అప్పటికే పెడల్ మెత్తబడింది. ఆ తర్వాతి మలుపులో కిందికంటా పోయింది.

హ్యాండ్ బ్రేకు లాగితే ఏమీ కాలేదు. అది పట్టేదీ కాలిపోయిన ఆ వెనక డ్రమ్ములనే. మొదటి గేరు పడలేదు. హారన్ మీద చెయ్యి తీయకుండా లైట్లు కొడుతూ పోయాను. ఎదురుగా ఎక్కుతున్న లారీ అతను గమనించి పక్కకు తీశాడు. కొండ ఎడమ పక్కకు వచ్చిన చోట బండిని కొండకేసి రాయించాను. తొట్టి రాళ్లకు గీసుకుంటూ పోయింది, తాళ్లు తెగి క్రేట్లు రోడ్డు నిండా పడ్డాయి, ముందు చక్రం కాలవలో దిగబడి బండి ఆగింది. స్టీరింగ్ ఎదురు తిరిగి నా మణికట్టు విరిగింది. పిల్లోడికి నుదుట కుట్లు పడ్డాయి. ఇద్దరం బతికాం.

లారీల వాళ్లే మమ్మల్ని దించి, వెనక వచ్చే బండ్లకు గుర్తుగా రోడ్డుకడ్డంగా కొమ్మలూ రాళ్లూ పెట్టారు. చేతికి ప్లేటు వేశారు. చాలాకాలం గేరు రాడ్డు పట్టుకునే బలం రాలేదు. నిద్రలో కుడికాలు మంచం పట్టెను తన్నేదని మా ఇంటామె చెప్పేది. ఓనరు మాత్రం డ్రైవరు నిర్లక్ష్యమని చెప్పుకున్నాడు. కాటా చీటీ నా జేబులోనే ఉంది.

చెయ్యి కుదుటపడ్డాక అప్పు తెచ్చి సొంత బండి కొనాలనుకున్నాను. షోరూముల్లో అందరూ ఇంజన్ గురించే చెప్పారు. "టన్నున్నర బండే కానీ రెండున్నర వేసినా లాగుద్దన్నా" అన్నాడొక కుర్రోడు. లాగుడు నాకు తెలుసు. నేనడిగింది సరుకుతో కలిపి కంపెనీ ఒప్పుకున్న మొత్తం బరువెంత, ఖాళీ బరువెంత అని. 1,700 కిలోలు మోసేదని చెప్పిన బండికి ఇనుప కటకటాలు, మేమిద్దరం, పట్ట, తాళ్లు తీసేస్తే మిగిలేది 1,500. బండల్లో చెప్పాలంటే 240 అడుగులు.

తర్వాత టైర్లు చూశాను. టైరు పక్కన అచ్చయిన లోడ్ నంబరు 106 అంటే ఒక్కో టైరు 950 కిలోలు మోస్తుందని. వెనక ఇరుసు మీదే ఎక్కువ బరువు పడుతుంది కాబట్టి అక్కడి రెండు టైర్లకూ అది సరిపోవాలి. తొట్టి పొడవూ చూశాను. బండలు వెనక ఇరుసు దాటి కూర్చుంటే ముందు తేలికై స్టీరింగ్ మాట వినదు. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని బండికి పర్మిట్ అక్కర్లేదు. దానికోసమే చాలామంది చిన్నది కొని దాని మీద పెద్ద బండి బరువు వేస్తారు. నేను పర్మిట్ ఖర్చు పెట్టుకుని పెద్దదే తీసుకున్నాను. 7,500 కిలోల లోపు కాబట్టి నా పాత లైసెన్సే చెల్లింది.

ఇప్పుడు బండల వ్యాపారి కిరాయి ఎంతని అడిగితే ముందు ఎన్ని అడుగులని అడుగుతాను. 240 దాటితే రెండో ట్రిప్పు, రెండో కిరాయి. చాలామంది వేరే బండి పిలుచుకుంటారు. వాయిదా కట్టడానికి చేబదులు తెచ్చిన నెలలున్నాయి. ఎక్కువ లోడుతో పట్టుబడితే 2019 సవరణ చట్టం ప్రకారం 20,000 జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. ఎక్కువైన సరుకు అక్కడే దించాలి. అయినా కిరాయి పోతుందన్న భయమే చాలామందికి దానికంటే పెద్దది.

బండి కొనబోయే పిల్లలు నా దగ్గరికి వస్తే కంపెనీ పేరు చెప్పను. మీ ఊర్లో అందరికంటే ఎక్కువ వేయించే వ్యాపారి సరుకును ఒకసారి కాటా పెట్టించండి, ఆ చీటీ పట్టుకుని షోరూముకు పోండి అంటాను. ఆ బరువుకు బండి దొరక్కపోతే ఆ వ్యాపారిని వదులుకోమంటాను.