పెరటి దీపం, రెండు అంకెలు

మా ఇంటి పెరట్లో కుళాయి పక్కన గోడకు ఒక దీపం ఉంది. అమ్మీ చీకటితోనే లేచి ఫజర్ నమాజు కోసం అక్కడే వుజూ చేసుకుంటారు గనుక అది మాకు అలంకారం కాదు, అవసరం. ఇప్పుడున్నది మూడవ దీపం. మొదటి రెండింటి సంగతి చెప్పుకోవడానికి కొంత సిగ్గుగా ఉన్నా, పాఠకుల ఇళ్లలోనూ ఇటువంటి దీపాలే వెలుగుతుంటాయన్న తలంపుతో వ్రాస్తున్నాము.

మొదటి దీపం అట్టపెట్టె మీద ‘వాటర్‌ప్రూఫ్’ అని పెద్ద అక్షరాలు ఉండేవి. మేము ఆ మాటను నమ్మాము. మాది నెల్లూరు తీరం. కార్తె మారి ఈశాన్య రుతుపవనాలు వచ్చాయంటే వాన నిలువుగా పడదు, గాలితో కలిసి గోడను కొడుతుంది. అలాంటి ఒక వేకువన దీపం మిణుకుమిణుకుమంటుంటే అమ్మీ తడిచేత్తో దాని ఇనుప తొడుగును తట్టారు. షాక్ కొట్టి వెనక్కి పడిపోయారు. ప్రాణం దక్కింది గాని ఎడమ మణికట్టు ఎముక విరిగింది. ఎర్త్ తీగ కలపనేలేదని తరువాత తెలిసింది. ఆ తప్పు మాదే. పని జరుగుతుండగా దగ్గర నిలబడి చూడవలసింది.

దీపాన్ని ఊడదీసి వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాలలో ‘ఐపీ 20’ అని కనిపించింది. దాని అర్థం వెదకడం అప్పుడు మొదలుపెట్టాము. ఇది ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని గుర్తు. మన దేశ ప్రమాణంగానూ స్వీకరించారు. మొదటి అంకె గట్టి వస్తువులు, దుమ్ము లోపలికి చొరబడకుండా ఉన్న రక్షణను, రెండవ అంకె నీటి నుండి ఉన్న రక్షణను తెలుపుతాయి. 2 అంటే మనిషి వేలు లోపలి తీగలను తాకలేదని. 0 అంటే నీటి నుండి ఏ రక్షణా లేదని. పెట్టె మీది మాట ఒకటి, వెనుక ఉన్న సున్నా ఒకటి. మాట ఎవరైనా ముద్రించవచ్చు. అంకెకు మాత్రం ఒక నిర్ణీత పరీక్ష ఉంది.

దుమ్ము పరీక్షలో టాల్కం పొడిని గాలిలో లేపి, పెట్టెను అందులో గంటల తరబడి ఉంచుతారు. 5 వస్తే కొద్దిగా చొరబడినా పనికి ఆటంకం ఉండదని, 6 వస్తే అసలు చొరబడలేదని. “పిల్లలకు పూసే పౌడరేనా బేటా?” అని అమ్మీ కట్టు కట్టిన చేత్తోనే నవ్వారు.

ఈసారి తెలివి వచ్చిందనుకొని ఐపీ 67 దీపం కొన్నాము. అంకె ఎంత పెద్దదైతే అంత మేలని మా లెక్క. మీటర్ దగ్గర ఆర్‌సీసీబీ కూడా పెట్టించాము. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు పక్కదారి పట్టినా అది తనంతట తానే సరఫరాను ఆపివేస్తుంది. పండుగకు ముందు మా పెద్దబ్బాయి మోటారు పైపు పెట్టి గోడలన్నీ కడిగాడు. ఆ రాత్రి దీపం వేయగానే ఇల్లంతా చీకటయింది. విప్పి చూస్తే అద్దం వెనుక నీళ్లు.

67 దీపంలోకి నీళ్లెలా వెళ్లాయి? 7 అంటే మీటరు లోతు నిశ్చలమైన నీటిలో అరగంట మునిగి ఉండగలదని మాత్రమే. చిమ్మే ధారను తట్టుకుంటుందని చెప్పేవి 5, 6. ఐదుకు 6.3 మిల్లీమీటర్ల గొట్టంతో నిమిషానికి 12.5 లీటర్లు, ఆరుకు 12.5 మిల్లీమీటర్ల గొట్టంతో 100 లీటర్లు చిమ్మి చూస్తారు. ఆరు వరకు పెద్ద అంకెలో చిన్నవి ఇమిడి ఉంటాయి. ఏడు నుండి దారి వేరు. మునిగి బ్రతికినది ధారకు ఓడిపోవచ్చు. రెండూ కావాలంటే రెండు గుర్తులూ వేసి ఉండాలి.

మరొక సంగతి కూడా ఉంది. ఎలక్ట్రీషియన్ తీగ దూర్చడానికి దీపం వెనుక కొత్త రంధ్రం చేశాడు. “ఏం కాదు సార్, టేపు చుట్టాను కదా” అన్నాడు. రంధ్రం పడిన తరువాత ఆ పెట్టె పరీక్షించిన పెట్టె కానే కాదు. తప్పు పైపుదా, రంధ్రానిదా అన్న వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు. దుకాణదారు మాత్రం ఆ రంధ్రం చూపించి దీపం తిరిగి తీసుకోనన్నాడు. మేము ఎదురు చెప్పలేకపోయాము.

మూడవది ఐపీ 66. తీగను అడుగు నుండి, రబ్బరు బిగింపు ఉన్న గ్లాండ్ గుండా ఎక్కించాము. వాన నీరు తీగ వెంట జారి నేల మీద పడేలా దానిని కిందికి వంచి కట్టాము. వేడెక్కిన దీపం ఆర్పగానే లోపలి గాలి కుంచించుకొని బయటి తేమను పీలుస్తుంది. రబ్బరు అంచు గట్టిగా ఉంటేనే అది ఆగుతుంది. పరీక్ష కొత్త వస్తువుకు, మంచినీటితో జరుగుతుంది. మా ఎండకు, ఉప్పుగాలికి ఆ రబ్బరు ఎన్నేళ్లు నిలుస్తుందో అంకె చెప్పదు గనుక ఏటా వానలకు ముందు దానిని నొక్కి చూసుకుంటున్నాము. పోయినసారి బిరుసెక్కి ఉంది, మార్చాము.

అమ్మీ మాత్రం ఈ అంకెలేవీ పట్టించుకోరు. ఇప్పటికీ దీపాన్ని ఇంటి లోపలి స్విచ్‌తోనే వేసి, వచ్చాక దుపట్టా అంచుతో చేతులు పొడిగా తుడుచుకొని గాని ఆర్పరు. దీపం ఉన్న గోడ వైపు ఎడమ చేయి చాపడం మానేశారు.